అడ్మిరల్‌ను ఇసుకలో దింపిన డెల్విన్

తన హెలికాప్టర్ ఎక్కే ప్రతి పెద్దమనిషినీ డెల్విన్ హార్కిన్ ముందుగా ఒకటే అడిగేది. "సార్, బరువెంత?"

నౌకాదళంలో అడ్మిరల్ దాకా ఎదిగిన మనిషిని ఆ మాట అడిగేవాళ్లు ఆయన భార్య, డాక్టరు తప్ప ఇంకెవరూ ఉండరు. కొందరు నవ్వేవాళ్లు, కొందరు మొహం ముడుచుకునేవాళ్లు. అబద్ధం మాత్రం అందరూ చెప్పేవాళ్లు. ఎనభై అన్నాయన పేరు పక్కన ఆమె తొంభై రెండని రాసుకునేది. ఒకటి రెండు కిలోలు తప్ప ఆమె అంచనా తప్పేది కాదు.

"చిన్నప్పుడు సంతలో మా నాన్న దూడల్ని చూపించి బరువు చెప్పమనేవాడు, బార్తో. అదే విద్య ఇక్కడా పనికొస్తోంది," అనేది నాతో.

బార్తో అంటే నేను. హెలికాప్టర్‌లో వెనక తలుపు దగ్గర నా చోటు. ఎక్కినవాళ్ల బెల్టులు సరిచూడటం, దిగేటప్పుడు తోక దేనికీ తగలకుండా చూసి చెప్పడం, అవసరమైతే వించ్ తీగ కిందికి వదిలి మనుషుల్ని పైకి లాగడం నా పని. సిడ్నీకి దక్షిణాన ఉన్న నౌరా నౌకాదళ స్థావరంలో ఆమెతో కలిసి ఆరేళ్లు ఎగిరాను. ఆ ఆరేళ్లలో ఆమె ఎన్ని వందలసార్లు భద్రంగా దింపిందో ఎవరికీ గుర్తులేదు. ఒక్కసారి ఒక అడ్మిరల్‌ను దింపకూడని చోట దింపింది. అది మాత్రం ఎవరూ మరిచిపోలేదు.

ఆమె పుట్టింది స్థావరానికి దగ్గర్లోని టెరారాలో, పాడి రైతు ఇంట్లో. మా హెలికాప్టర్లు సముద్రం వైపు వెళ్లే దారి సరిగ్గా వాళ్ల పచ్చిక మీదుగా ఉండేది. చప్పుడుకి ఆవులు బెదిరి పాలు ఎగబట్టేవి. వాళ్ల నాన్న క్లెమ్ హార్కిన్ నెలకో ఫిర్యాదు రాసేవాడు. పద్నాలుగో ఉత్తరానికి కాబోలు, స్థావరం అధికారి వచ్చి మాట్లాడమని కబురు పెట్టాడు. క్లెమ్ పాకలో వేసుకునే రబ్బరు బూట్లతోనే, తొమ్మిదేళ్ల కూతుర్ని బండిలో పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లాడు.

ఆయన లోపల గంటసేపు పోట్లాడుతుంటే, బయట బిక్కమొహం వేసుకుని నిలబడ్డ పిల్లను చూసి ఒక మెకానిక్ జాలిపడి షెడ్డులో ఉన్న హెలికాప్టర్‌లో కూర్చోబెట్టాడు. క్లెమ్ గెలిచి బయటికొచ్చాడు.

"సాధించాం తల్లీ! ఇకనుంచి మన మీద ఇంకో మూడు వందల అడుగులు పైనుంచి పోతారట."

"నాన్నా, నేను దాన్ని నడుపుతా."

క్లెమ్ బండి స్టార్ట్ చేశాడట. ఊరి మలుపు తిరిగాక అన్నాడు: "నడిపితే నడుపు గానీ, మన ఆవుల మీద నుంచి మాత్రం పోనీకు."

పద్దెనిమిదేళ్లకు నౌకాదళంలో చేరింది గానీ, ఆడపిల్లకు అప్పట్లో కాక్‌పిట్ దొరికేది కాదు. ఏడేళ్లు ఆఫీసులో టైపు కొట్టింది. దారి తెరుచుకున్నాక దరఖాస్తు పెట్టింది. రెండుసార్లు తిప్పి పంపారు, మూడోసారి తీసుకున్నారు. శిక్షణలో మంచి పేరే వచ్చింది. యుద్ధనౌకల మీద నుంచి లేచి జలాంతర్గాముల్ని వేటాడే పెద్ద హెలికాప్టర్లు నడపాలని ఆమె కోరిక. చేతికి వచ్చింది మాత్రం అడ్మిరల్స్‌ను సిడ్నీ నుంచి ఓడలకు, ఓడల నుంచి సిడ్నీకి చేరవేసే పని. చిన్న హెలికాప్టర్, మెత్తటి సీట్లు.

భోజనశాలలో ఆమె కనిపిస్తే చాలు, ఏడిపించేవాళ్లు.

"ఏం డెల్, మీటర్ వేశావా?"

"స్టేషన్ దాకా ఎంత తీసుకుంటావ్? సామానుకి వేరేనా?"

ఎవడో ఆమె అలమారా మీద టాక్సీ బోర్డు కూడా తగిలించాడు. ఆమె దాన్ని పీకలేదు. తుడిచి, తిన్నగా తగిలించింది.

"కోపం రాలేదా నీకు?" అని అడిగాను.

"వచ్చింది. ఇంటికెళ్లి మూడు రోజులు ఏడ్చాను కూడా. నాలుగో రోజు అనిపించింది, టాక్సీ అయితే మాత్రం, ఈ తీరంలో ఇంతకన్నా మంచి టాక్సీ ఉండకూడదని."

అలాగే చేసింది. పదింటికి దిగాలంటే పదింటికే హెలికాప్టర్ కాళ్లు, అంటే స్కిడ్లు, ఓడ డెక్‌ను తాకేవి, పది దాటి అర నిమిషానికి కాదు. వెనక కూర్చున్నవాళ్ల కప్పులో టీ తొణికేది కాదు. ఓడ ఊగుతుంటే ఆ ఊపును కాసేపు గమనించి, అది సర్దుకునే క్షణం కోసం ఆగి, గుడ్డు పెట్టినంత మెల్లగా దింపేది. పెద్దవాళ్లు కబుర్లలో పడి, దిగామన్న సంగతే గమనించని రోజులున్నాయి.

ఒక్క విషయంలో మాత్రం మెకానిక్‌లకూ ఆమెకూ పడేది కాదు. అడ్మిరల్స్‌ను తీసుకెళ్లే రోజున వించ్ విప్పి పక్కన పెట్టడం అక్కడి అలవాటు. బరువు తగ్గుతుంది, చూపులకూ బాగుంటుంది. ఆమె విప్పనిచ్చేది కాదు.

"పెళ్లికి పోతూ పలుగూ పారా మోసుకెళ్తారా మేడమ్?" అనేవాడు పెద్ద మెకానిక్.

"మనం పోయేది నీళ్ల మీదుగా కదా నాయనా. ఉండనీ."

రెండువేల నాలుగు మార్చిలో, ఒక గురువారం. నౌకాదళం ఓడలన్నిటికీ కొత్త అధిపతిగా వస్తున్న రేర్ అడ్మిరల్ హ్యూ కరదర్స్‌ను సిడ్నీ నుంచి జెర్విస్ బేలో లంగరేసిన ఓడ మీదికి చేర్చాలి. పదింటికి బాధ్యతలు అప్పగించే వేడుక. ఆరు వందల మంది నావికులు, బ్యాండు మేళం, పాత అధిపతి, అందరూ డెక్ మీద సిద్ధం. మా హెలికాప్టర్‌లో అడ్మిరల్, ఆయన సహాయకుడు లెఫ్టినెంట్ పియర్స్, ఇంకో ఇద్దరు అధికారులు. అందరూ తెల్ల బట్టల్లో మెరిసిపోతున్నారు. కరదర్స్ పొడుగాటి మనిషి. మాట తక్కువ.

"సార్, బరువెంత?"

"తొంభై ఆరు."

డెల్విన్ ఆయన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, తొంభై ఆరు అనే రాసుకుంది. నా వైపు తిరిగి కనుబొమ్మలు ఎగరేసింది. నిజం చెప్పిన మొదటి అడ్మిరల్ ఆయన.

ఎండ బాగుంది గానీ, దక్షిణం నుంచి రెండు రోజులుగా పెద్ద అలలు వస్తున్నాయి. తీరంలోని కయామా ఊరు దాటుతుండగా రేడియోలో తీర రక్షణ స్వచ్ఛంద కేంద్రం నుంచి ఒక ఆడగొంతు. జెరోవా దగ్గర రాళ్ల మీద చేపలు పడుతున్న ఇద్దరిని అల కొట్టేసింది. ఒకతను రాతి అంచున వేలాడుతున్నాడు, ఒకతను నీళ్లలో ఉన్నాడు. రక్షణ హెలికాప్టర్ కొండల్లో వేరే పని మీద ఉంది, రావడానికి నలభై నిమిషాలు. పడవ బయల్దేరింది గానీ ఆ రాళ్ల దగ్గరికి పోలేదు. దగ్గర్లో ఎవరైనా ఉన్నారా?

దగ్గర్లో అంటే మేమే. ముక్కు తిప్పితే మూడు నిమిషాలు.

నాకప్పటికి ఇద్దరు పిల్లలు. అబద్ధమెందుకు, ఒక్క క్షణం నా ఉద్యోగం కళ్లముందు మెదిలింది. డెల్విన్ అప్పటికే ముక్కు తిప్పేసింది.

"బార్తో, నలుగురితో ఇద్దర్ని లాగగలమా?"

"లాగలేం. బరువు చాలదు... అంటే, ఎక్కువవుతుంది."

"అయితే బీచ్‌లో దింపేద్దాం."

స్థావరానికి రేడియోలో చెప్పింది: ప్రయాణికుల్ని సెవెన్ మైల్ బీచ్‌లో దింపి సాయానికి పోతున్నానని. అవతల కుర్చీలో ఉన్న అధికారి కంగారుపడ్డాడు.

"ఆగు, ఆగు. పైవాళ్లని అడిగి చెప్తాను."

"మీరు అడుగుతూ ఉండండి సార్. నేను పోతూ ఉంటా."

ఇసుక లేచి చుట్టూ పొగలా కమ్మింది. స్కిడ్లు నేలను తాకాయో లేదో, ఆమె వెనక్కి తిరిగింది. మొహంలో కంగారు లేదు, బతిమాలడమూ లేదు.

"సార్, రాళ్ల దగ్గర ఇద్దరు మునిగిపోతున్నారు. మీరు నలుగురూ ఉంటే నేను వాళ్లని తీయలేను. దయచేసి ఇక్కడ దిగండి. తిరిగొచ్చి తీసుకెళ్తాను."

పియర్స్ లేచినంత పనిచేశాడు. "మేడమ్, మీకేమైనా మతిపోయిందా? ఓడ మీద ఆరు వందల మంది ఎదురుచూస్తున్నారు!"

"వాళ్ల కాళ్ల కింద డెక్ ఉంది, లెఫ్టినెంట్."

ఏ హోదా వాళ్లు కూర్చున్నా హెలికాప్టర్‌కి కెప్టెన్ దాన్ని నడిపేవాళ్లే. నిబంధనల పుస్తకంలో అలాగే ఉంటుంది. అడ్మిరల్‌ను కూర్చోబెట్టుకుని ఆ మాట పాటించినవాళ్లను నేనైతే అంతవరకూ చూడలేదు. కరదర్స్ ఆమెను రెండు క్షణాలు చూశాడు. బెల్టు విప్పుకుని, వేడుక కోసం కట్టుకున్న కత్తి చేత్తో పట్టుకుని, తలవంచి ఇసుకలోకి దిగాడు. మిగిలినవాళ్లు దిగక ఏం చేస్తారు? నేను తలుపు పూర్తిగా తెరిచి, వించ్ సరిచేసుకున్నాను.

రాళ్ల దగ్గర సముద్రం తెల్లగా ఉడుకుతోంది. అంచున వేలాడుతున్నవాడికి కాలు పెట్టడానికి చిన్న చీలిక దొరికింది, అందుకే ఇంకా ఉన్నాడు. నీళ్లలో ఉన్నవాడి తల అల మీద ఒకసారి కనిపిస్తుంది, మళ్లీ కనిపించదు.

"నీళ్లలోవాడే ముందు," అంది డెల్విన్.

నేను పొట్ట మీద పడుకుని తల బయటపెట్టి చెబుతున్నాను. "ముందుకి ఆరడుగులు... నాలుగు... ఆగు. ఎడమకి రెండు. ఆగు." ఆమెకు కింద ఉన్న మనిషి కనిపించడు. నా మాటే ఆమెకు కళ్లు. రాతిగోడకు కొట్టి తిరిగొచ్చే గాలి మమ్మల్ని పక్కకు తోస్తుంటే, ఆమె గొంతు మాత్రం టీ అడుగుతున్నట్టు ఉంది. "చెప్పు బార్తో. ఇంకా?"

తీగ చివర పట్టీ అతని ముందే పడింది. పట్టుకున్నాడు గానీ చేతులు చలికి కొయ్యబారిపోయి జారవిడిచాడు. రెండోసారి పట్టీని తల మీదుగా వేసుకుని ఒక చెయ్యి దూర్చాడు. రెండో చెయ్యి కూడా దూర్చమని నేను గాల్లో చేసి చూపిస్తున్నాను, పైగా అరుస్తున్నాను, వినపడదని తెలిసీ. అల మింగేసింది. డెల్విన్‌తో అన్నాను, "పోయాడు."

"పోలేదు. చూడు."

ఆమెకి కనిపించడం లేదు కదా, ఎలా అందో ఇప్పటికీ నాకు తెలియదు. చూశాను. అల వెనక నుంచి తేలాడు, రెండు చేతులూ పట్టీ మీద ఉన్నాయి. మీట నొక్కాను. లోపలికి లాగాక అతను నా బూటును గట్టిగా పట్టుకున్నాడు. ఎంతకీ వదలడే!

రెండోవాడికి తీగ వేసే వీల్లేదు, రాయి అడ్డం. డెల్విన్ ఒక పక్క స్కిడ్‌ను ఆ చీలిక పైనున్న రాతి గట్టు మీద మోపింది. రెక్కల చివరకూ రాతికీ మధ్య ఒక మనిషి పడుకునేంత చోటుంది, అంతే. మెకానిక్‌లు తర్వాత వచ్చి ఆ స్కిడ్‌కి అంటిన గవ్వల పొడి చూసి నమ్మలేకపోయారు. నేను బెల్టు కట్టుకుని సగం బయటికి వేలాడి, ఆ మనిషిని కాలరు పట్టుకుని లోపలికి ఈడ్చాను.

ఇద్దరూ పోర్ట్ కెంబ్లా ఉక్కు కర్మాగారంలో పనిచేసే మాసిడోనియా వాళ్లు. నీళ్లలో పడ్డవాడు రిస్తో దామెస్కి, వేలాడినవాడు అతని బావమరిది. అంబులెన్స్ బీచ్ రెండో చివరికి వచ్చింది. రిస్తోను దింపుతుంటే పళ్లు కటకటలాడిస్తూ ఏదో అన్నాడు. "ఏమంటున్నాడు?" అని అడిగింది డెల్విన్.

"గాలం పోయిందట. కొత్తదట," అన్నాడు బావమరిది.

డెల్విన్ ఆ రోజు మొదటిసారి నవ్వింది.

అడ్మిరల్ కోసం వెళ్లేసరికి ఆయన బూట్లు చేత్తో పట్టుకుని, ప్యాంటు మడిచి నీళ్ల అంచున నిలబడి ఉన్నాడు. ఆ తెల్ల బట్టలు చూసి కుక్కను తిప్పుతున్న ఒక ముసలావిడ, "బాబూ, ఐస్‌క్రీమ్ బండి ఎక్కడ పెట్టావ్?" అని అడిగిందట. ఆవిడ కుక్క ఆయన మోకాళ్ల మీద రెండు తడి పంజాల గుర్తులు వేసింది. ఎక్కి కూర్చుని, చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని ఒకటే అడిగాడు.

"బతికారా?"

"ఇద్దరూ, సార్."

"పదండి."

గంటా ఇరవై నిమిషాలు ఆలస్యంగా ఓడ మీద దిగాం. ఎండలో నిలబడి ఇద్దరు నావికులు కళ్లు తిరిగి పడిపోయారట. అది కూడా ఫిర్యాదులో రాశారు. ఫిర్యాదు పెట్టింది పియర్స్. అనుమతి లేకుండా దారి మళ్లించింది, ఉన్నతాధికారిని రక్షణ లేని చోట వదిలేసింది, విప్పేయాల్సిన వించ్‌ను పట్టుబట్టి ఉంచింది. విచారణ అయ్యేదాకా ఎగరకూడదని డెల్విన్‌కి కాగితం వచ్చింది.

ఆ మూడు వారాలు ఆమె టెరారాలో ఆవుల పాలు పితికింది. ఒక సాయంత్రం చూసొద్దామని వెళ్లాను. క్లెమ్ పాక గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"పద్నాలుగు ఉత్తరాలు రాశానయ్యా ఆ హెలికాప్టర్ల మీద," అన్నాడు నాతో. "ఒక్కదానికీ ఇంత తొందరగా జవాబు రాలేదు. ఆ పియర్స్ ఎవరో గానీ, అతన్ని పట్టుకుని మెలకువలు నేర్చుకోవాలి."

"నాన్నా, నవ్వించకు. చేతిలో బకెట్ ఉంది," అంది డెల్విన్. బకెట్ కింద పెట్టి, నా వైపు చూడకుండా అంది: "తీసేస్తారేమో బార్తో. అదొక్కటే భయం. చేసినదానికి కాదు."

ఈలోగా పత్రికలవాళ్లు వాళ్లకి తోచింది రాసేశారు. అడ్మిరల్ తన హెలికాప్టర్‌ను త్యాగం చేశారనీ, వెళ్లి ప్రాణాలు కాపాడమని ఆయనే ఆజ్ఞాపించారనీ. ఇది అందరికీ అనుకూలమైన కథ. విచారణ అధికారి డెల్విన్‌ని కూర్చోబెట్టి మెత్తగానే చెప్పాడు.

"అడ్మిరల్ గారి ఆదేశం మేరకు వెళ్లానని ఒక్క వాక్యం రాసివ్వమ్మా. ఈ ఫైలు ఇవాళే మూసేస్తాను."

"ఆయన ఆదేశించలేదు సార్."

"వద్దని కూడా అనలేదుగా?"

"అనలేదు. కానీ నేను అడగలేదు. వద్దన్నా దింపేదాన్నే. అదే రాసుకోండి."

నేను పక్కనే సాక్షిగా ఉన్నాను. విచారణ అధికారి కలం మూసి, రేపు మాట్లాడదామన్నాడు.

మర్నాడు కరదర్స్ వచ్చాడు. పిలవలేదు, ఆయనే వచ్చాడు. అధికారులు లేచి నిలబడితే కూర్చోమని సైగ చేసి, తను నిలబడే మాట్లాడాడు.

"పత్రికల్లో వచ్చింది తప్పు. సరిచేయమని వాళ్లకి రాశాను. నేను ఆజ్ఞ ఇవ్వలేదు. ఈ అమ్మాయి నన్ను అడగలేదు కూడా. అడిగి ఉంటే ఏమనేవాణ్ణో నాకే తెలియదు. ఓడ, వేడుక, పాత అధిపతి, ఇవన్నీ ఆలోచించేవాణ్ణి. నేను ఆలోచించే ఆ రెండు నిమిషాల్లో అతను మునిగిపోయేవాడు. నన్ను అడక్కపోవడమే సరైన పని. ఇది కూడా ఫైల్లో పెట్టండి."

వెళ్తూ డెల్విన్ దగ్గర ఆగాడు. "బరువు విషయంలో మీరు నన్ను నమ్మారు కదా?"

"నమ్మాను సార్."

"నేను తొంభై తొమ్మిది."

డెల్విన్‌కి ఆ దెబ్బ చాలాకాలం మానలేదు. "మూడు కిలోలు! నా కంటికే!" అని దారంతా తిట్టుకుంది.

రేడియోలో జవాబు కోసం ఆగనందుకు చిన్న మందలింపు ఆమె రికార్డులో పడింది. ఎగరడానికి అనుమతి వచ్చింది. మా విభాగంలో సముద్రం మీదికి పోయే ఏ హెలికాప్టర్‌కీ ఆ తర్వాత వించ్ విప్పలేదు. పియర్స్ కొన్నేళ్ల తర్వాత తనే వచ్చి ఆమెతో కాఫీ తాగి వెళ్లాడు. ఏం మాట్లాడుకున్నారో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

రిస్తో దామెస్కి ఆసుపత్రి నుంచి వచ్చాక ఒక ఆదివారం భార్యతో స్థావరం గేటు దగ్గర ప్రత్యక్షమయ్యాడు. ఎర్ర మిరపకాయలు కాల్చి నూరిన పచ్చడి పన్నెండు సీసాలు తెచ్చాడు. కాపలావాళ్లు ఒక్కో సీసా మూత తీసి చూడాల్సిందే అన్నారు. మొదటి సీసా తీసి రుచి చూశాక మిగతావి అనుమానించడం మానేశారు గానీ, మా దాకా వచ్చింది తొమ్మిదే.

ఆ ఏడాదే డెల్విన్‌కి తను కోరుకున్న చోటు దొరికింది. యుద్ధనౌక మీద, పెద్ద హెలికాప్టర్. రెండేళ్లు సముద్రంలోనే ఉంది, సంతోషంగా ఉంది. తిరిగొచ్చాక ఏ విభాగం కావాలో కోరుకోమంటే, అడ్మిరల్స్‌ను మోసే విభాగమే అడిగింది, ఈసారి దాని అధిపతిగా. పదేళ్లు నడిపింది. ఏ కొత్త పైలట్‌నీ టాక్సీ అని ఎవరూ అనలేదని చెప్పను. అనేవాళ్లు. ఆమె కూడా అనేది.

ఉద్యోగం విడిచిపెట్టిన రోజున ఆనవాయితీ ప్రకారం కుర్రాళ్లు అగ్నిమాపక గొట్టంతో ఆమెను నిలువెల్లా తడిపేశారు. ఇప్పుడు ఊరి ఫ్లయింగ్ క్లబ్బులో పాఠాలు చెబుతోంది. మొన్న శనివారం వెళ్తే, ఆమె శిష్యురాలు జోసీన్ మొదటిసారి ఒంటరిగా ఎగరబోతోంది. జోసీన్ స్కూలు బస్సు నడుపుతుంది, యాభై ఎనిమిదేళ్లు. హెలికాప్టర్ ఒక పక్కకు ఒరుగుతూ లేచి, సర్దుకుని, గడ్డి మీద నిశ్చలంగా నిలబడింది. డెల్విన్ నా పక్కన చేతులు జేబుల్లో కుక్కుకుని, పెదవి కొరుక్కుంటూ చూస్తోంది.

"ఏంటి, భయమా?" అన్నాను.

"ఉండు, మాట్లాడకు. అదిగో, తిప్పుతోంది... ఎంత బాగా తిప్పుతోందో చూడు!"